ఎడమ పురి తాళ్లు

“మంగళవారం పొద్దున్న మీ తమ్ముడు బయల్దేరినప్పుడు ఏ చొక్కా వేసుకున్నాడండీ?” అని అడిగాడు తాతారావు.

“నీలం గళ్ల చొక్కా అండి.” అబ్రహాం తల ఎత్తలేదు. ఒళ్లో పోసుకున్న కొబ్బరి పీచు విడదీస్తూనే ఉన్నాడు.

“ఎన్నింటికండీ?”

“ఆరు దాటిందండి. కొల్లేట్లో చేపల చెరువుకి తాళ్లు కావాలంటే రెండు కట్టలు బండికి కట్టుకుని వెళ్లేడు. మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు, రాలేదు. ఇదంతా ఎస్సై గారికి చెప్పేనండి.”

“నాకూ ఒకసారి చెబితే ముత్యాలేం రాలిపోవు లెండి. మళ్లీ అతన్ని చూడలేదు కదా?”

“లేదండి.”

“ఆ రాత్రి ఇంట్లో ఎవరెవరున్నారు?”

“అమ్మా నేనూ. స్టెల్లా ఏలూరులో ట్రైనింగుకెళ్లింది.”

జవాబులన్నీ చక్కగా, వరసగా వస్తున్నాయి. తాతారావుకి నచ్చనిది అదే. ముప్ఫై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి ఆయన. నిజం చెప్పేవాడు ఆరా, ఏడా అని తల గోక్కుంటాడు. పాఠం అప్పజెప్పేవాడే గడగడా చెబుతాడు. ఇప్పుడాయన ఏలూరు పవర్‌పేటలో సైకిల్ షాపు మేడ మీద డిటెక్టివ్ ఏజెన్సీ అని బోర్డు పెట్టుకున్నాడు. వచ్చేవన్నీ పెళ్లి సంబంధాల ఎంక్వైరీలు. పెళ్లికొడుకు తాగుతాడా, ఉద్యోగం నిజమేనా అని కనుక్కుని చెప్పి, మోకాళ్లకి నూనె రాసుకుని పడుకునే బతుకు. అలాంటివాడి మెట్లెక్కి, వారం కిందట ఒక అంగన్‌వాడీ టీచరు వచ్చి, “మా ఆయన్ని వెతికిపెట్టండి బాబాయి గారూ,” అంది. ఆ పిలుపుకి ముసలాయన కరిగిపోయాడు. ఆ పిల్లే స్టెల్లా. హెన్రీ భార్య.

హెన్రీ కనిపించకుండా పోయి పది రోజులైంది. తాడేపల్లిగూడెం దాటి నల్లజర్ల వెళ్లే దారిలో ఉన్న ఈ తాళ్ల దొడ్డి వాళ్ల తాతల నాటిది. తల్లి రూతమ్మ, పెళ్లి చేసుకోకుండా ఉండిపోయిన పెద్దకొడుకు అబ్రహాం, చిన్నకొడుకు హెన్రీ, కోడలు స్టెల్లా, ఇంటికి ఈ నలుగురే. హెన్రీ బండి గుండుగొలను దగ్గర కాలవ గట్టు మీద దొరికింది. సెల్‌ఫోనేమో కొల్లేట్లో చేపల చెరువు కాపలాదారు వీర్రాజు పాకలో దొరికింది. ఛార్జింగ్ పెట్టి మర్చిపోయి వెళ్లిపోయాడని వీర్రాజు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఎస్సై రాజ్ కుమార్ నమ్మలేదు. తాళ్ల దగ్గర మాటా మాటా పెరిగి వీర్రాజే చంపి కొల్లేట్లో పడేశాడని తేల్చి, నిన్న మధ్యాహ్నం పట్టుకొచ్చి లాకప్‌లో వేశాడు. ఇవాళ మధ్యాహ్నం కోర్టులో పెట్టి రిమాండుకి పంపుతాడు. ఒకసారి ఆ గేటు దాటాక మళ్లీ ఎప్పుడు బయటపడతాడో దేవుడికే తెలియాలి. కాబట్టి తాడో పేడో ఇవాళే తేలాలి.

వీర్రాజు భార్య మంగాయమ్మ నిన్నటి నుంచీ ఈ దొడ్డి గేటు దగ్గరే కూర్చుంది, చంకలో పసిపిల్లతో. స్టేషనుకి పోకుండా ఇక్కడికెందుకొచ్చావమ్మా అని తాతారావు అడిగితే, “ఆ బాబు మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నాడోనండి. వాళ్లమ్మ గారు ఒక్క మాట చెబితే మా ఆయన్ని వదిలేస్తారండి,” అంది. పాపం ఎవరి ఆశ వాళ్లది. ఆ వాళ్లమ్మ గారు, రూతమ్మ, ఇప్పుడు ఆ గేటు దగ్గరే నేల మీద కూర్చుని ఆ పిల్లకి పెరుగన్నం తినిపిస్తోంది.

తాతారావు సంచిలోంచి జానెడు తాడు ముక్క తీసి అబ్రహాం ముందు పెట్టాడు. కల్లుగీసేవాళ్లు తాడిచెట్టు ఎక్కేటప్పుడు తమ నడుమునీ చెట్టునీ కలిపి చుట్టుకునే తాడు ఉంటుంది, మోకు అంటారు. దాని ముక్క అది. పైపేట విప్పి చూస్తే లోపల నల్లగా మగ్గిపోయిన పాత పీచు కనిపిస్తుంది. పైన మాత్రం బంగారంలాంటి కొత్త పీచు.

“ఇది మీ తమ్ముడి పెట్టెలో బట్టల కింద దొరికిందండి. స్టెల్లా తెచ్చిచ్చింది. పోయిన నెల నల్లజర్ల దగ్గర ఒక గీత కార్మికుడు మోకు తెగి, చెట్టు మీంచి పడి చచ్చిపోయాడు. ఆ మోకు ఇదే. వాళ్లింటికెళ్లి దాన్ని అడిగి తెచ్చుకోవాలని హెన్రీ అంటుండేవాడట. ఎప్పుడు తెచ్చుకున్నాడో స్టెల్లాకి తెలీదు.”

అబ్రహాం చేతులు ఆగాయి. “మోకులు మేమొక్కళ్లమే పేనుతామా అండీ. చుట్టుపక్కల ఇంకా పేనేవాళ్లు ఉన్నారు.”

“మీరు పేనారని నేననలేదే.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. అబ్రహాం మొహం ముడుచుకుని లేచి, తాడు పేనే యంత్రం మోటారు చూసుకోవాలంటూ పాక చివరికి వెళ్లిపోయాడు. పొడుగాటి పాక అది, అటు చివర నుంచి ఇటు చివరికి పిలిస్తే వినిపించదు. తాతారావు మోకాళ్లు పట్టుకుని లేచి ఇంట్లోకి నడిచాడు. హెన్రీ సామాను ఇంకోసారి చూస్తానని పొద్దున్నే స్టెల్లాకి చెప్పి ఉన్నాడు.

ఆ సామానులో కొత్తగా దొరికిందేమీ లేదు. తిరిగి వస్తుంటే రూతమ్మ గది తలుపు తీసి ఉంది. నులకమంచం, గోడకి సిలువ, చిన్న అద్దం. మంచం తలవైపు మేకుకి నాలుగు తాడు చుట్టలు వేలాడుతున్నాయి. తాళ్ల దొడ్డిలో తాళ్లుండటం వింతేమీ కాదు. ఉప్పు కొఠారులో ఉప్పున్నట్టే. కానీ అమ్మే సరుకంతా పాకలో దొంతులు పెట్టి ఉండగా, ఈ నాలుగూ ఇక్కడ, పడుకునే మంచం దగ్గర ఎందుకున్నాయి?

తాతారావు ఒకటి దించి కిటికీ దగ్గర వెలుగులో పట్టుకున్నాడు. మూడు పేటల తాడు. చిన్నప్పుడు ఆయన తండ్రి గేదెలకి కట్టిన పలుపులైనా, ఇప్పుడు బయట పాకలో ఉన్న మోకులైనా, ఏ తాడు నిలబెట్టి చూసినా పేటలన్నీ కుడివైపుకి ఒరిగి పైకి ఎక్కుతాయి. ఇందులో ఎడమవైపుకి ఒరిగి ఉన్నాయి. మిగతా మూడూ చూశాడు. అన్నీ అంతే. పురి ఎదురు తిప్పి పేనినవి. రెండు చుట్టలు పొడిగా తేలిగ్గా ఉన్నాయి. పీచు తడిపి పేనే తాడు గనక, ఈమధ్యే పేనినట్టు మిగతా రెండూ ఇంకా చేతికి చెమ్మగా తగులుతున్నాయి.

“స్టెల్లమ్మా, ఇవేంటమ్మా?”

టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన స్టెల్లా తాళ్ల వంక చూసింది. “అత్తయ్య పేనినవండి. దేనికో నాకు తెలీదు. ఆ రోజు దండెం మీద ఆరేశారు కదా, అవే అనుకుంటాను. అప్పుడు రెండే ఉన్నాయి.”

“ఏ రోజు?”

“బుధవారం పొద్దున్నండి. ట్రైనింగ్ అయిపోయి నేను మొదటి బస్సుకి వచ్చేను. బట్టలు ఉతికి ఆరేద్దామంటే దండెం మీద చోటు లేదు, తడి తాళ్లు వేసున్నాయి. తీసెయ్యనా అత్తయ్యా అంటే, ముట్టుకోకమ్మా అన్నారు. బట్టలు గోడ మీద వేసుకున్నాను.”

“బుధవారమేనా? బాగా గుర్తు తెచ్చుకో.”

“బుధవారమే బాబాయి గారూ. అప్పటికింకా నాకేం తెలీదు కదా. ఫోనెత్తకపోతే, కొల్లేటి లంక ఊళ్లో పడుకున్నారేమో, అప్పుడప్పుడు ఆగిపోతారుగా అనుకున్నాను. నాకు భయం పుట్టింది గురువారం సాయంత్రమండి.”

ఎదురు పురి తాడుకి ఏదో అర్థం ఉండాలి. ఇంట్లోవాళ్లని అడిగితే జాగ్రత్తపడతారు. ఈ కుటుంబం వెళ్లే చర్చి పాస్టర్ నిత్యానందం గారితో తాతారావు మొన్న ఒకసారి మాట్లాడాడు. ఆయనకే ఫోను చేశాడు. ఒక చేతిలో తాడుంది, రెండో చేతిలో ఫోనుంది, చెవి సరిగ్గా వినిపించదు. అందుకని స్పీకర్ పెట్టాడు. ఎదురుగా స్టెల్లా నిలబడి ఉందన్న ధ్యాస లేకపోయింది. ఆ ఒక్క పొరపాటుకి ఆయన తర్వాత చాలాకాలం తనని తాను తిట్టుకున్నాడు.

“పాస్టర్ గారూ, రూతమ్మ గారింట్లో ఎడమ పురి తాడు దేనికి పేనుతారండీ?”

“ఎవరు పోయేరండీ?” అన్నాడు నిత్యానందం.

“ఎవరూ పోలేదు. ఊరికే అడుగుతున్నాను.”

“ఊరికే పేనరండీ దాన్ని. సమాధుల దొడ్డిలో పెట్టె గుంటలోకి దించడానికి అందరం దొరికిన తాడు వాడతాం. వాళ్లు తాళ్లు పేనే వంశం కదండీ, వాళ్ల మనిషిని అమ్మకం తాడుతో దించరు. పోయినవాళ్ల సొంత రక్తం కూర్చుని, యంత్రం ముట్టకుండా, చేత్తో పేనాలి. తలవైపుకొకటి, కాళ్లవైపుకొకటి, జత. తల్లిదండ్రులకైతే కడుపున పుట్టినవాళ్లు పేనుతారు. పిల్లలే ముందు పోతే ఆ పని తల్లి నెత్తిన పడుతుంది. మిగతా సరుకులో కలిసిపోయి ఏ గొడ్డుకో నూతికో కట్టేస్తారని, గుర్తుకి పురి ఎదురు తిప్పుతారు. పెట్టెతోపాటే గుంటలో వదిలేస్తారండి. మనిషి బతికుండగా పేనితే మహాపాపమని వాళ్ల నమ్మకం. ఇంతకీ ఎవరండీ పోయింది? రూతమ్మ గారు బానే ఉన్నారా?”

తాతారావు ఫోను కట్టేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

స్టెల్లా చేతిలో గ్లాసు అలాగే ఉంది. ఒలికిపోలేదు, పడిపోలేదు. దాన్ని కిటికీలో పెట్టి, మంచం పట్టె మీద కూర్చుంది. కాసేపు ఆ తాళ్లనే చూసింది.

“అయితే ఆయన లేరా బాబాయి గారూ?”

పెళ్లి సంబంధాల ఎంక్వైరీల్లో ఇలాంటి ప్రశ్నలు రావు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎన్నో ఇళ్లకి కబుర్లు మోసుకెళ్లాడు గానీ, ఆ పని ఎప్పటికీ అలవాటు కాలేదు. ఇవాళ మరీను. ఆయన ఆ అమ్మాయి తల మీద చెయ్యి వేశాడు. ఆ అమ్మాయికి జవాబు అందింది.

బయట జీపు ఆగింది. ఎస్సై రాజ్ కుమార్ దిగాడు. వయసులో ఉన్న మనిషి, పట్టుదల ఎక్కువ, ఓపిక తక్కువ. ఒకప్పుడు తన స్టేషన్‌లో టీలు తెప్పించి పెట్టిన ముసలి హెడ్ కానిస్టేబుల్ ఇప్పుడు డిటెక్టివ్‌నంటూ తన కేసులో వేలు పెట్టడం ఆయనకి మొదటి నుంచీ గిట్టదు. తాళ్ల చుట్టలు నాలుగూ మోసుకుని బయటికొచ్చిన తాతారావుని చూసి నవ్వాడు.

“ఏవండీ తాతారావు గారూ, ఏదైనా సంబంధం కుదిరిందా?”

“లేదండి. ఒకటి తెగిందండి. మీరు వీర్రాజుని కోర్టుకి తీసుకెళ్లొద్దు.”

“ఎందుకనో?”

“మంగళవారం రాత్రి హెన్రీ ఈ ఇంటికి తిరిగొచ్చేడు. ఆ రాత్రే పోయేడు. ఇంట్లో అది తెలిసినవాళ్లున్నారు.”

రాజ్ కుమార్ తాళ్ల వంక చూశాడు. “ఇదా మీ సాక్ష్యం? అక్కడ నా మనుషులు మూడు రోజులుగా కొల్లేట్లో వలలు లాగుతున్నారు. మీరిక్కడ కొండని తవ్వి ఎలకని పట్టుకొచ్చారు. తాడూ బొంగరం లేని మాటలు కోర్టులో నిలబడతాయా?”

తాతారావు పాస్టర్ గారు చెప్పిందంతా చెప్పాడు. వింటూ వింటూ ఎస్సై, పాక చివర నుంచి వస్తున్న అబ్రహాంని చేత్తో పిలిచాడు.

“ఈ తాళ్లు ఏంటయ్యా?”

అబ్రహాం వాటిని చూడగానే ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. వెంటనే సర్దుకున్నాడు. “మోటారు కనెక్షన్ తారుమారైతే చక్రం ఎదురు తిరుగుతుందండి. అప్పుడు పాడైపోయిన సరుకు అది. పారెయ్యడం ఎందుకని అమ్మ దాచుకుంది.”

“విన్నారుగా,” అన్నాడు రాజ్ కుమార్.

“విన్నానండి.” తాతారావు పొడి చుట్టలోంచి ఒక తాడు లాగి, పేటల్ని ఎదురు తిప్పి వదులు చేశాడు. పీచు మధ్యలో మెరుస్తూ ఒక పోగు కనిపించింది. గోటితో పట్టుకుని మెల్లగా లాగితే మూరెడు పొడుగున తెల్లటి వెంట్రుక బయటికొచ్చింది. “మీ మోటారుకి తల నెరిసిందా అబ్రహాం గారూ?”

రాజ్ కుమార్ ఆ వెంట్రుకని తీసుకుని ఎండలో పట్టుకుని చూశాడు. తెలివి తక్కువవాడేమీ కాదు, తొందరపాటే గానీ.

“సరే, ఆవిడే పేనింది. అయితే ఏమైంది? పది రోజులైంది కొడుకు రాక. కన్నతల్లి ఆశ వదులుకుని పేనుకుంది. ఏడవాల్సిన విషయమే గానీ, నేరం కాదు.”

“ఆశ వదులుకోవాలంటే ముందు బెంగ పెట్టుకోవాలి కదండీ. ఈ పొడి జత బుధవారం తెల్లారేసరికి పెరట్లో ఆరుతోంది. స్టెల్లా కళ్లారా చూసింది. అప్పటికి హెన్రీ తప్పిపోయేడని ఎవరికీ తెలీదు. మీ దగ్గరికి కంప్లయింట్ వచ్చింది ఎప్పుడండీ?”

“శుక్రవారం పొద్దున్న,” అన్నాడు రాజ్ కుమార్, కాస్త ఆగి. నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

“మంగళవారం పొద్దున్న పనికెళ్లిన కొడుక్కి, బుధవారం తెల్లారేసరికి పెట్టె దించే తాళ్లు తయారయ్యాయి. వీర్రాజు కొల్లేట్లో చంపితే ఆ సంగతి ఈవిడకి ఎవరు చెప్పారు? వీర్రాజేమైనా వచ్చి చెప్పి వెళ్లాడా?”

ఎస్సై గుమ్మం వైపు చూశాడు. స్టెల్లా అక్కడ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. “బుధవారమేనా అమ్మా?” అని అడిగాడు. గొంతు తగ్గింది. స్టెల్లా తలూపింది.

“ఆ ముసలావిణ్ణి పిలవండి.”

“మా అమ్మని ఏమీ అడక్కండి సార్,” అన్నాడు అబ్రహాం. “తమ్ముడు పోయిన దగ్గర్నించీ ఆవిడ మనిషిలా లేదు. ఏదడిగినా నన్నడగండి.”

రూతమ్మ అప్పటికే వస్తోంది. పిల్లకి తినిపించిన గిన్నె చేతిలో ఉంది. దాన్ని గట్టు మీద బోర్లించి, కొంగుకి చేతులు తుడుచుకుని, రోజూ కూర్చునే చోటికెళ్లి కూర్చుంది. కొబ్బరి డొక్కలు నానబెట్టే పాత గుంట పక్కన పరిచిన చాప అది. తాతారావు ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. నాలుగు చుట్టలూ ఇద్దరి మధ్యా పెట్టాడు.

“అమ్మా, ఈ ఎండిన జత హెన్రీకి కదా?”

ఆవిడ కాదనలేదు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి, ఆడవలసి వస్తుందని పది రోజులుగా నోరు కట్టుకుని కూర్చుంది. నేరుగా అడిగేసరికి ఇంక దాచేందుకు ఏమీ లేనట్టు తలూపింది. స్టెల్లా గుమ్మంలోనే కింద కూర్చుండిపోయింది.

“మరి ఈ తడి జత?”

పొడి జత ఒక మనిషి చావుని ముందే చెప్పింది. అలాంటప్పుడు నిన్న పేనిన జత ఎవరి కోసం? ఈ ఇంట్లో ఇంకెవరికి మూడింది? ఎస్సైకి కూడా అదే తోచినట్టుంది, రెండడుగులు వేసి అబ్రహాంకీ స్టెల్లాకీ మధ్య నిలబడ్డాడు. కానీ అబ్రహాం స్టెల్లా వంక చూడటం లేదు. ఆ తడి తాళ్ల వంకే, అవి అక్కడున్నాయని ఇప్పుడే తెలిసినవాడిలా, నోరు తెరిచి చూస్తున్నాడు.

“అవెవరికే అమ్మా?”

“నాకేరా,” అంది రూతమ్మ.

తాతారావు తడి చుట్ట మీద చెయ్యి వేశాడు. పాస్టర్ గారి మాట చెవిలో తిరిగింది. కన్నవాళ్లకి కడుపున పుట్టినవాళ్లే పేనాలి.

“మీకు మీరు పేనుకోవడమేంటమ్మా? మీ పెద్దబ్బాయి ఉన్నాడుగా?”

రూతమ్మ తల ఎత్తి కొడుకుని చూసింది. తాతారావు తన సర్వీసులో దోషుల్ని చూపించిన వేళ్లు చాలా చూశాడు. ఇలా చూసిన కళ్లని మాత్రం చూడలేదు. ఆ చూపులో కోపం లేదు.

“ఉంటాడా బాబూ?” అంది.

ఆ రెండు మాటలతో కేసు తేలిపోయింది. వెంట్రుకలూ వద్దు, దండేలూ వద్దు. తనకి తాడు పేనే కొడుకు ఇంక ఇంట్లో ఉండడని ఆవిడకి ఎందుకు అనిపించిందో అక్కడున్న ప్రతివాళ్లకీ అర్థమైంది. తాతారావుకి గెలిచినట్టు అనిపించలేదు. ఎక్కడైనా తన లెక్క తప్పి ఉంటే బాగుండునని మనసులో అనుకున్నాడు.

“దాచుకుందామనే అనుకున్నాను బాబూ. ఒకడెలాగూ పోయేడు, రెండోవాణ్ణైనా మిగుల్చుకుందామనుకున్నాను. ఏ తల్లైనా అలాగే అనుకుంటుంది. నిన్న ఆ పిల్లతల్లి వచ్చి కాళ్ల మీద పడింది. చంకలో బిడ్డ. దాని మొగుణ్ణి పంపించి నా కొడుకుని ఉంచుకుంటే, రేపు ప్రభువు దగ్గర ఏ మొహం పెట్టుకుంటాను? ఇవాళ చెప్పేద్దామనుకున్నాను. చెప్పేక వీడు ఉండడు. నాకింక ఎవరు పేనుతారు? అందుకే కూర్చుని పేనేసుకున్నాను.”

అబ్రహాం మోకాళ్ల మీద కూలబడ్డాడు. పది రోజులుగా ఎస్సైకి, తాతారావుకి, ఊళ్లోవాళ్లకి తడబడకుండా పాఠం అప్పజెప్పిన మనిషి, తల్లి పేనుకున్న తాడు ముందు మూడు ముక్కలు చెప్పలేకపోయాడు. చివరికి మాట వచ్చింది.

“ఆ మోకులో పాత పీచు పెట్టింది నేనేనండి. కొత్త పీచు చాలక పెట్టేను. మనిషి పడిపోతాడనుకోలేదు. తమ్ముడు కొల్లేట్లో సరుకిచ్చి, అట్నుంచటే నల్లజర్ల పోయి ఆ ముక్క తెచ్చేడు. రాత్రి పాకలోకొచ్చి నా మొహం మీద పడేసేడు. రేపు పొద్దున్నే వెళ్లి, తప్పు మాదేనని ఆ ఇంటివాళ్లకి చెప్పేస్తానన్నాడు. మీవాడి పొరపాటేం లేదు, మా తాడే చంపిందని చెబుతానన్నాడు. వద్దురా, పరువు పోతుంది, ఇంక మన తాడు ఎవడూ ముట్టుకోడని బతిమాలేను. వినలేదు. పేటలు కలిసే చోట పట్టుకునే బరువు కొయ్య చేతిలో ఉంది. ఒక్కటే దెబ్బండి. ఒక్కటే.”

“పెట్టెలో బట్టల కింద ఎలా ఉంది మరి ఆ ముక్క?” అన్నాడు రాజ్ కుమార్.

“నేను పెట్టేను,” అంది రూతమ్మ. “వీడు పారేయమన్నాడు. చిన్నోడు దాని కోసమే కదా చచ్చిపోయింది. పారెయ్యబుద్ధి కాలేదు.”

“బండి?”

“తెల్లారకముందే నేనే తీసుకెళ్లి గుండుగొలను గట్టున వదిలేసి, లారీ ఎక్కి వచ్చేసేనండి,” అన్నాడు అబ్రహాం.

“అయితే శవం కొల్లేట్లో లేదన్నమాట.”

అబ్రహాం తల వంచుకున్నాడు. రూతమ్మ చెయ్యి చాపి, తన చాప పక్కన గుంట మీద బోర్లించిన డొక్కల్ని తాకింది. పది రోజులుగా ఆవిడ పొద్దస్తమానం అక్కడెందుకు కూర్చుంటోందో, అన్నానికి పిలిచినా ఎందుకు లేచేది కాదో ఇంక ఎవరూ అడగనక్కర్లేకపోయింది. నానిన డొక్కల కంపులో ఇంకో వాసన ఉన్నా, ఈ దొడ్డిలో పుట్టి పెరిగినవాళ్లకి కూడా తెలియదు.

రాజ్ కుమార్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కాస్త పక్కకెళ్లి స్టేషనుకి ఫోను చేసి, వీర్రాజుని కోర్టుకి తీసుకురావద్దన్నాడు, మనుషుల్ని పంపమన్నాడు. ఆ మాట గేటు దాకా వినిపించినట్టుంది, మంగాయమ్మ పిల్లని గుండెకి హత్తుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఈ దొడ్డిలో ఆ సమయానికి సంతోషంతో ఏడ్చిన మనిషి ఆవిడొక్కతే.

స్టెల్లా గుమ్మంలోంచి లేచి నడిచి వచ్చింది. గుంట దగ్గరికి రాలేదు. రూతమ్మకి నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది.

“పది రోజులూ నా గదిలోకొచ్చి నా పక్కనే పడుకున్నారు కదత్తయ్యా,” అంది. “గేటు చప్పుడైతే లేచి కూర్చునేదాన్ని. ఆయనొచ్చేరేమో చూడండత్తయ్యా అంటే, లేచి వెళ్లి చూసొచ్చేవారు. లేదమ్మా, కుక్క అనేవారు.”

“చెబితే పెద్దోడు పోతాడు. చెప్పకపోతే నువ్వు పోతున్నావు,” అంది రూతమ్మ. “నాకు ఎటూ తోచలేదమ్మా.”

స్టెల్లా క్షమించిందో లేదో ఆమె మొహంలో చదవడం తాతారావు వల్ల కాలేదు. ఆయన ఆ వైపు చూడలేక తల తిప్పుకున్నాడు.

జీపులో వచ్చిన కానిస్టేబుల్ అబ్రహాం చేతులు పట్టుకుని లేపాడు. అతను రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, తల్లి ముందు ఉన్న తడి తాళ్ల వంక చూశాడు.

“అమ్మా, ఆ జత విప్పేయవే. నేనొచ్చేక పేనుతాను.”

“నువ్వొచ్చేదాకా నేనుండాలి కదరా,” అంది రూతమ్మ.

అబ్రహాంని జీపు ఎక్కించారు. ఆవిడ అటు చూడలేదు. ఎండిన జత ఒళ్లోకి తీసుకుని, తాతారావు వదులు చేసిన చోట పేటల్ని వేళ్లతో మళ్లీ బిగించి తిప్పుకుంటూ, గుంట తవ్వే మనుషులు వచ్చేదాకా అక్కడే కూర్చుంది.